ముడి ఛాయాచిత్రాల నలుపు-తెలుపు మార్పిడి

డిజిటల్ కెమేరాలోని సెన్సారు కొలిచిన కాంతి విలువలను దాదాపు ఏ మార్పూ చేయకుండా దాచి ఉంచిన ఫైలును ముడి చిత్రం లేదా రా ఫైలు అంటారు. ఇటువంటి ఫైలు నుండి రంగులు లేని, తక్కువ స్థలం ఆక్రమించే చిత్రాన్ని తయారు చేయడమే ముడి ఛాయాచిత్రాల నలుపు-తెలుపు మార్పిడి. ఇలా తయారైన చిత్రం సాధారణంగా జేపెగ్ రూపంలో ఉంటుంది. పైకి ఇది ఒక మీట నొక్కితే ముగిసే పనిగా కనిపిస్తుంది. కాని ఆ మీట వెనుక మూడు నిర్ణయాలు దాగి ఉన్నాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలను ఏ పాళ్ళలో కలిపి బూడిదరంగు ఛాయగా మార్చాలన్నది మొదటిది. ఆ ఛాయలను చీకటి నుండి వెలుగు వరకు ఏ విధంగా సర్దాలన్నది రెండవది. ఫైలును చిన్నది చేయడానికి ఎంత సమాచారాన్ని వదులుకోవాలన్నది మూడవది. ఒకసారి జేపెగ్ తయారై, ముడి ఫైలును చెరిపివేసిన తరువాత ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్నీ వెనక్కు తీసుకోవడం సాధ్యం కాదు.

"నలుపు-తెలుపు" అన్న మాటను రెండు అర్థాలలో వాడుతారు. వాడుకలో అది నలుపుకు, తెలుపుకు మధ్య అనేక బూడిదరంగు ఛాయలు గల చిత్రం. పాత సినిమాలు, పాత పెళ్ళి ఫొటోలు ఈ కోవలోనివే. కంప్యూటరు పరిభాషలో మాత్రం ప్రతి చుక్కా పూర్తి నలుపుగానో పూర్తి తెలుపుగానో ఉండే చిత్రాన్ని కూడా ఇలాగే పిలుస్తారు. ఫాక్సు పుటలు, స్కాను చేసిన పుస్తకాల పుటలు అనేకం ఈ రెండవ రకానికి చెందినవి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం మొదటి రకానికి సంబంధించినది. రెండవ రకం గురించి చివరలో విడిగా చూడవచ్చు.

ముడి ఫైలులో ఏముంటుంది

రంగుల కెమేరా సెన్సారుకు నిజానికి రంగులు తెలియవు. దాని మీద ఉన్న లక్షలాది కాంతి గ్రాహకాలు తమ మీద ఎంత కాంతి పడిందో మాత్రమే లెక్కిస్తాయి. రంగును రాబట్టడానికి ఒక్కొక్క గ్రాహకం మీద ఒక్కొక్క రంగు ఫిల్టరును అమర్చుతారు. నాలుగు గ్రాహకాలున్న చిన్న చతురస్రంలో రెండింటి మీద ఆకుపచ్చ, ఒకదాని మీద ఎరుపు, మరొకదాని మీద నీలం ఉండే అమరిక అన్నిటికంటె ఎక్కువగా వాడుకలో ఉన్నది. ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ దీనిని రూపొందించాడు. 1975లో దరఖాస్తు చేయగా 1976లో అమెరికా పేటెంటు లభించింది. అందుచేత దీనిని బేయర్ అమరిక అంటారు. ఆకుపచ్చకు రెట్టింపు చోటు ఇవ్వడానికి కారణం, మనిషి కన్ను వెలుగులోని హెచ్చుతగ్గులను ఎక్కువగా ఆ ప్రాంతపు కాంతి ద్వారానే గుర్తించడం.

కాబట్టి ముడి ఫైలులో ఒక్కొక్క చుక్క దగ్గర ఒక్క సంఖ్య మాత్రమే ఉంటుంది. అది ఎరుపో, ఆకుపచ్చో, నీలమో చుక్క ఉన్న స్థానాన్ని బట్టి తెలుసుకోవాలి. మిగిలిన రెండు రంగులను పక్క చుక్కల నుండి అంచనా కట్టి పూరిస్తారు. ఈ పనిని చిత్రాన్ని తెరచే సాఫ్టువేరు చేస్తుంది. అంటే రంగుల ఛాయాచిత్రంలో మూడింట రెండు వంతుల సమాచారం ఊహించి రాసినదే! అయినా ఈ ఊహ చాలా సందర్భాలలో సరిగానే ఉంటుంది. సన్నని చారల బట్టల మీదా, దూరాన ఉన్న పెంకుల వరసల మీదా మాత్రం లేని రంగులు చారలుగా కనిపించి దాని గుట్టు బయటపడుతుంది.

ముడి ఫైలులోని సంఖ్యలు సాధారణంగా 12 లేదా 14 బిట్ల పొడవు ఉంటాయి. 12 బిట్లతో 4,096 మెట్లను, 14 బిట్లతో 16,384 మెట్లను చూపవచ్చు. సాధారణ జేపెగ్ ఫైలులో ఉండేవి 8 బిట్లే, అనగా 256 మెట్లు. ఈ తేడాయే ముడి ఫైలుకు విలువ తెచ్చిపెట్టింది.

ఒక్కొక్క కంపెనీ ముడి ఫైలును ఒక్కొక్క పద్ధతిలో రాస్తుంది. కానన్ వారి సీఆర్2, సీఆర్3, నికాన్ వారి ఎన్ఈఎఫ్, సోనీ వారి ఏఆర్‌డబ్ల్యూ, ఒలింపస్ వారి ఓఆర్ఎఫ్ ఇందుకు ఉదాహరణలు. అన్నిటికీ పనికివచ్చే ఒక రూపం కావాలని అడోబీ సంస్థ 2004లో డీఎన్‌జీ అనే ఫార్మాటును ప్రకటించింది. కొన్ని కెమేరాలు దానిని స్వీకరించాయి గాని పెద్ద కంపెనీలు చాలావరకు తమ పద్ధతులను వదలలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. చాలా కెమేరాలలో నలుపు-తెలుపు అమరిక ఒకటి ఉంటుంది. దానిని ఎంచుకుని జేపెగ్‌గా తీస్తే రంగులు శాశ్వతంగా పోతాయి. అదే అమరికలో ముడి ఫైలుగా తీస్తే కెమేరా వెనుక తెర మీద బొమ్మ నలుపు-తెలుపులో కనిపించినా, ఫైలులో రంగుల సమాచారం అంతా భద్రంగా ఉంటుంది. తెర మీద కనిపించేది ముడి ఫైలు లోపల దాచిన ఒక చిన్న జేపెగ్ నమూనా మాత్రమే. కొన్ని చిన్న సాఫ్టువేర్లు ముడి ఫైలును మార్చామని చెబుతూ ఈ నమూనానే బయటకు తీసి ఇస్తాయి. వచ్చిన చిత్రం కొలతలు సెన్సారు కొలతల కంటె బాగా తక్కువగా ఉంటే ఈ సంగతిని అనుమానించవచ్చు.

ఫిల్ము కాలంలో

రంగును బూడిదరంగుగా మార్చడం డిజిటల్ యుగంలో పుట్టిన సమస్య కాదు. పందొమ్మిదవ శతాబ్దపు గాజు ప్లేట్లు ముఖ్యంగా నీలి, ఊదా కాంతులకే స్పందించేవి. నీలాకాశం వాటి మీద తెల్లని కాగితంలా పడేది, ఎర్రని వస్తువులు నల్లబడేవి. హైదరాబాదులో ఆరవ నిజాము కొలువులో ఛాయాగ్రాహకుడుగా ఉన్న రాజా దీనదయాళ్ (1844–1905) వంటి వారు పనిచేసింది ఈ రకపు ప్లేట్ల కాలంలోనే. 1873లో జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫోగెల్ కొన్ని అద్దకపు రంగులను కలిపితే ప్లేటు ఆకుపచ్చకు కూడా స్పందిస్తుందని కనుగొన్నాడు. ఎరుపుతో సహా అన్ని రంగులకూ స్పందించే ప్లేట్లను 1906లో ఇంగ్లండులో రాటెన్ అండ్ వైన్‌రైట్ కంపెనీ అమ్మకానికి పెట్టింది.

అన్ని రంగులూ నమోదు కావడంతో, కటకం ముందు రంగు గాజును ఉంచి ఏ రంగు తేలిపోవాలో ఏది ముదరాలో నిర్ణయించుకునే వీలు కలిగింది. అమెరికను ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ 1927లో యోసెమిటీ లోయలోని హాఫ్ డోమ్ కొండను ముందుగా పసుపు ఫిల్టరుతో తీసి, అది చాలదని భావించి ముదురు ఎరుపు ఫిల్టరుతో మళ్ళీ తీశాడు. రెండవ చిత్రంలో ఆకాశం దాదాపు నల్లగా మారి కొండ ముందుకు దూసుకు వచ్చినట్లు కనిపిస్తుంది. ఈనాడు సాఫ్టువేరులో ఎరుపు పాలు పెంచి నీలం పాలు తగ్గించడం ఈ పనికి సమానమైనదే. ఒక్క తేడా ఉన్నది: ఆడమ్స్ ఆ నిర్ణయాన్ని కొండ మీద నిలబడి తీసుకోవలసి వచ్చింది, ముడి ఫైలు ఉన్నవారు ఇంటికి వచ్చి తీరికగా తీసుకోవచ్చు.

రంగు నుండి బూడిదకు

అన్నిటికంటె సులభమైన పద్ధతి మూడు రంగుల సగటు తీయడం. ఇది కంటికి నచ్చే ఫలితం ఇవ్వదు. ఒకే సంఖ్య గల ఆకుపచ్చ, నీలం మన కంటికి ఒకే వెలుగుగా తోచవు. నీలం చాలా ముదురుగా అనిపిస్తుంది. అందుచేత ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క గుణకం వాడుతారు. వీటిలో ప్రసిద్ధమైనవి ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114. ఈ అంకెలు 1953 నాటి అమెరికా రంగుల టెలివిజన్ ప్రమాణానికి చెందినవి. రంగుల ప్రసారాన్ని అప్పటికే ఇళ్ళలో ఉన్న నలుపు-తెలుపు టీవీలు కూడా చూపగలగాలన్న అవసరం నుండి ఇవి పుట్టాయి. తరువాత వచ్చిన హై డెఫినిషన్ టీవీ ప్రమాణంలో వీటి స్థానంలో 0.2126, 0.7152, 0.0722 అనే గుణకాలు చేరాయి. మొదటి మూడు అంకెలు మాత్రం జేపెగ్‌లో ఈనాటికీ నిలిచి ఉన్నాయి.

ఈ గుణకాలు కంటికి తోచే వెలుగును బాగానే అనుకరిస్తాయి. కాని చిత్రానికి కావలసినది ఎప్పుడూ అదే కాదు. పచ్చని ఆకుల నడుమ పండిన మిరపకాయను తీసుకుందాం. కాయ ఎరుపు 200, ఆకుపచ్చ 60, నీలం 60 అనుకుందాం. ఆకు ఎరుపు 60, ఆకుపచ్చ 131, నీలం 60 అనుకుందాం. పై గుణకాలతో లెక్కిస్తే కాయకు 102, ఆకుకు 102 వస్తాయి. రంగులో అంత కొట్టొచ్చినట్లు కనబడిన కాయ నలుపు-తెలుపులో ఆకులో కలిసిపోయి మాయమవుతుంది. లెక్కలో తప్పేమీ లేదు, రెండూ నిజంగానే ఒకే వెలుగు గలవి. కంటికి వాటిని వేరు చేసి చూపినది రంగు మాత్రమే, ఆ రంగునే మనం తీసివేశాము. ఇప్పుడు ఎరుపుకు 0.7, ఆకుపచ్చకు 0.2, నీలానికి 0.1 ఇచ్చి చూస్తే కాయ 158కి పెరుగుతుంది, ఆకు 74కు దిగుతుంది. కాయ తెల్లగా మెరుస్తూ ముదురు ఆకుల మీద నిలబడుతుంది. ఎరుపుకు 0.1, ఆకుపచ్చకు 0.8 ఇస్తే ఇందుకు తారుమారుగా లేత ఆకుల మీద నల్లని కాయ వస్తుంది.

గుణకాల మొత్తం 1 ఉండేటట్లు చూసుకోవడం ఆనవాయితీ. అలా చేస్తే తెల్లని వస్తువు తెల్లగానే ఉంటుంది. ఈ సౌకర్యాన్ని ఫొటోషాప్, జింప్ వంటి సాఫ్టువేర్లు ఛానెల్ మిక్సర్ అనే పేరుతో ఇస్తున్నాయి. లైట్‌రూమ్‌లో మూడింటికి బదులు ఎరుపు, నారింజ, పసుపు మొదలైన ఎనిమిది రంగులకు ఎనిమిది జారుడు మీటలు ఉంటాయి. అవి చేతికి హాయిగా ఉంటాయి గాని వాటిని చివరిదాకా లాగేవారు ఒక ప్రమాదాన్ని గుర్తుంచుకోవాలి. పక్కపక్కన ఉన్న రెండు రంగులను వ్యతిరేక దిశలలో లాగితే వాటి సరిహద్దులో గీతలు, మచ్చలు పుడతాయి. చర్మపు ఛాయ ఎరుపుకు, నారింజకు మధ్య ఉంటుంది కాబట్టి ముఖాల మీద ఈ మచ్చలు త్వరగా బయటపడతాయి.

నీలం విషయంలో మరో చిక్కు ఉన్నది. పాతకాలపు ఫిలమెంటు బల్బు వెలుగులో నీలి కాంతి చాలా తక్కువ. తెలుపును తెలుపుగా చూపడానికి సాఫ్టువేరు నీలం కొలతలను పెద్ద సంఖ్యతో హెచ్చిస్తుంది. దానితోపాటు ఆ కొలతలలోని గరుకు కూడా హెచ్చుతుంది. అటువంటి చిత్రంలో నీలానికి ఎక్కువ పాలు ఇస్తే ముఖం మీద ఇసుక చల్లినట్లు కనిపిస్తుంది. నీలాకాశాన్ని నల్లబరచడానికి నీలానికి రుణ గుణకం ఇచ్చినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. తీసివేత వలన గరుకు తగ్గదు, అది కూడా కలుస్తుంది. తెల్లదనపు సర్దుబాటు రంగుల చిత్రాలకే అవసరమని, నలుపు-తెలుపులో దానితో పని లేదని అనుకోవడం ఈ కారణంగా పొరపాటు. మూడు రంగుల కొలతలు కలపడానికి ముందు ఒకదానితో ఒకటి ఏ నిష్పత్తిలో ఉన్నాయో నిర్ణయించేది ఆ సర్దుబాటే.

ఛాయల సర్దుబాటు

సెన్సారు కొలతలు రేఖీయంగా ఉంటాయి. రెట్టింపు కాంతి పడితే రెట్టింపు సంఖ్య వస్తుంది. మనిషి కన్ను అలా పనిచేయదు, చీకటిలోని చిన్న తేడాలను అది ఎక్కువగా పట్టించుకుంటుంది. ఫొటోగ్రాఫర్లు నడిమి బూడిదగా భావించే అట్ట తన మీద పడిన కాంతిలో 18 శాతాన్ని మాత్రమే తిరిగి పంపుతుంది. రేఖీయ కొలతను ఉన్నదున్నట్లుగా 8 బిట్లలో రాస్తే దాని విలువ 46. కంప్యూటరు తెరల ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీ వక్రరేఖ ప్రకారం రాస్తే 118, అంటే కొలబద్దకు దాదాపు నడిమధ్య. ముడి కొలతలను వక్రరేఖ లేకుండా నేరుగా చూపినప్పుడు చిత్రం నల్లగా మునిగిపోయినట్లు ఉండటానికి ఇదే కారణం.

రేఖీయ కొలతలలో మెట్ల పంపకం కూడా చాలా అసమానమైనది. 14 బిట్ల ఫైలులోని 16,384 మెట్లలో సగం, అనగా 8,192 మెట్లు, అత్యంత వెలుగు గల ఒక్క అంచెకే పోతాయి. ఆ కింది అంచెకు 4,096, దాని కిందికి 2,048, ఇలా దిగుతూ పోయి నీడలకు కొద్ది మెట్లే మిగులుతాయి. నీడలను ఎత్తి చూపినప్పుడు గరుకు బయటపడటం ఇందువల్లనూ, అక్కడ చేరిన కాంతి తక్కువ కావడం వల్లనూ జరుగుతుంది.

రంగుల చిత్రంలో ఛాయల మధ్య తెగుడును రంగు కొంత కప్పిపుచ్చుతుంది. నలుపు-తెలుపు చిత్రానికి ఆ ఆసరా లేదు. 256 మెట్లకు కుదించిన తరువాత వక్రరేఖను బలంగా వంచితే ఆకాశం మెట్లు మెట్లుగా విడిపోయి పటంలోని ఎత్తు గీతలలా కనిపిస్తుంది. కాబట్టి రంగుల కలయిక, వక్రరేఖల సవరణ అన్నీ 16 బిట్ల లెక్కలో పూర్తిచేసి, 8 బిట్లకు దింపడాన్ని చిట్టచివరి పనిగా ఉంచుకోవాలి. జింప్ 2018లో వచ్చిన 2.10 సంచికకు ముందు 8 బిట్లలోనే పనిచేసేది. అందువలన ఆ రోజులలో ఛాయల సవరణను ముడి ఫైలును తెరిచే సాఫ్టువేరులోనే ముగించి జింప్‌కు పంపమని సలహా ఇచ్చేవారు.

జేపెగ్ కుదింపు

జేపెగ్ అన్నది దానిని రూపొందించిన సంఘం పేరులోని తొలి అక్షరాల కూర్పు. ఆ సంఘం 1986లో ఏర్పడింది, ప్రమాణం 1992లో వెలువడింది. దానికి మూలమైన గణితం అంతకంటె పాతది. బెంగుళూరులో పుట్టి అమెరికాలో ఆచార్యుడైన నసీర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి. నటరాజన్, మరొక ఆచార్యుడు కె. ఆర్. రావు కలిసి 1974లో వివిక్త కొసైన్ పరివర్తన అనే పద్ధతిని ప్రచురించారు. ఈ పని కోసం 1972లో అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థను నిధులు అడిగితే ఇవ్వలేదని నసీర్ అహ్మద్ తరువాత రాశాడు. నేడు ప్రపంచంలోని ఛాయాచిత్రాలలో అధిక భాగం ఆ గణితం మీదనే నడుస్తున్నాయి.

బూడిదరంగు చిత్రాన్ని జేపెగ్ ముందుగా 8 అడ్డు, 8 నిలువు చుక్కలు గల గళ్ళుగా విడగొడుతుంది. ఒక్కొక్క గడిలో 64 సంఖ్యలు ఉంటాయి. కొసైన్ పరివర్తన వాటిని మరో 64 సంఖ్యలుగా మారుస్తుంది. వీటిలో మొదటిది గడి మొత్తపు సగటు వెలుగు, మిగిలినవి అందులోని నిదానమైన మార్పుల నుండి అతి సన్నని చారల వరకు ఒక్కొక్క దాని బలం. ఇంతవరకు పోయినదేమీ లేదు. తరువాత ఈ సంఖ్యలను ఒక పట్టికలోని భాజకాలతో భాగించి దగ్గరి పూర్ణసంఖ్యకు సవరిస్తారు. నష్టమంతా ఈ ఒక్క మెట్టులోనే జరుగుతుంది. ప్రమాణంలో ఉదాహరణగా ఇచ్చిన పట్టికలో సగటుకు భాజకం 16, అతి సన్నని చారకు 99. సన్నని చారల బలం తరచుగా చిన్నదే కాబట్టి 99తో భాగించగానే సున్న అవుతుంది. సున్నలు వరుసగా వచ్చేటట్లు గడిని మూలగా చదివి, హఫ్‌మన్ సంకేతాలతో పొట్టిగా రాస్తారు.

సాఫ్టువేర్లలో కనిపించే 1 నుండి 100 వరకు గల నాణ్యత సంఖ్య ప్రమాణంలో భాగం కాదు. 1991లో తొలిసారి విడుదలైన ఇండిపెండెంట్ జేపెగ్ గ్రూప్ వారి ఉచిత సాఫ్టువేరు నుండి అది వ్యాప్తిలోకి వచ్చింది. అందులో 50 అంటే పైన చెప్పిన పట్టిక ఉన్నదున్నట్లుగా, 90 అంటే మొదటి భాజకం 3కు, చివరిది 20కి తగ్గుతాయి. అది శాతం కాదు. నాణ్యత 90 అంటే చిత్రంలో 90 శాతం మిగిలిందని అర్థం చేసుకోకూడదు. ఫొటోషాప్ కొలబద్ద వేరు కాబట్టి ఒకదానిలోని అంకెను మరొకదానిలో వాడటం కూడా కుదరదు.

రంగులు తీసివేస్తే ఫైలు ఎంత తగ్గుతుంది?

రంగులు మూడు, బూడిద ఒకటి. కాబట్టి ఫైలు మూడో వంతుకు దిగాలని చాలామంది ఆశిస్తారు. కుదించని చిత్రాల విషయంలో అది నిజం. 4000 × 3000 చుక్కల చిత్రానికి 14 బిట్ల ముడి కొలతలు 21 మెగాబైట్లు, 8 బిట్ల రంగుల చిత్రం 36 మెగాబైట్లు, 8 బిట్ల బూడిదరంగు చిత్రం 12 మెగాబైట్లు, చుక్కకు ఒక్క బిట్టు చొప్పున రాస్తే 1.5 మెగాబైట్లు అవుతాయి.

జేపెగ్‌లో మాత్రం ఈ లెక్క పారదు. రంగుల చిత్రాన్ని జేపెగ్ ముందుగా ఒక వెలుగు పొరగా, రెండు రంగు పొరలుగా విడదీస్తుంది. కన్ను రంగులోని సన్నని వివరాలను పట్టించుకోదు కాబట్టి రంగు పొరలను సాధారణంగా అడ్డంగా సగానికి, నిలువుగా సగానికి కుదించి, పైగా పెద్ద భాజకాలతో భాగిస్తుంది. అంటే జేపెగ్ ఫైలులో రంగుల వాటా మొదటి నుండే చిన్నది. బరువంతా వెలుగు పొరది, అది నలుపు-తెలుపులోనూ అలాగే ఉంటుంది. రంగుల చిత్రాలను 10 నుండి 20 రెట్ల వరకు కుదించినా నష్టం కంటికి ఆనదని, బూడిదరంగు చిత్రాలలో 5 రెట్ల దగ్గరే తెలిసిపోతుందని ఒక పాత అంచనా ఉన్నది. పై ఉదాహరణకు అన్వయిస్తే రంగుల ఫైలు 1.8 నుండి 3.6 మెగాబైట్లు, నలుపు-తెలుపు ఫైలు 2.4 మెగాబైట్లు. రెండూ ఇంచుమించు ఒకటే! స్థలం ఆదా చేయడం కోసమే రంగులు వదులుకోదలచినవారు ఈ సంగతి తెలుసుకుని ముందుకు పోవడం మంచిది.

ఇందుకు మరోవైపు, బూడిదరంగు చిత్రాన్ని పొరపాటున మూడు పొరల జేపెగ్‌గా దాచినా పెద్ద నష్టం లేదు. ఖాళీ రంగు పొరలో ఒక్కొక్క గడికి ప్రామాణిక సంకేతాలలో 4 బిట్లే ఖర్చవుతాయి. రంగు పొరలను సగానికి కుదించినప్పుడు 256 చుక్కలకు ఒక బైటు చొప్పున పడుతుంది. 12 మెగాపిక్సెల్ చిత్రానికి ఇది సుమారు 47 కిలోబైట్లు.

ఫైలును నిజంగా పెంచేది గరుకు. పాత ఫిల్ము రూపం రావాలని నలుపు-తెలుపు చిత్రాలకు కృత్రిమంగా రేణువులు చల్లడం ఒక అలవాటు. ప్రతి గడిలోనూ సన్నని చారలే నిండిపోవడం వలన జేపెగ్ వాటిని కుదించలేదు. నాణ్యత తగ్గించి కుదించితే ఆ రేణువులే ముద్దలై గళ్ళుగా మారతాయి. నల్లబరచిన ఆకాశంలోనూ ఇదే గతి. చిత్రాన్ని ముందు కావలసిన కొలతలకు తగ్గించి, ఆ తరువాతనే అంచులకు పదును పెట్టి, అవసరమైతే రేణువులు చేర్చి, ఒక్కసారి మాత్రమే జేపెగ్‌గా రాయడం సరైన వరుస. జేపెగ్‌ను తెరిచి, సవరించి, మళ్ళీ జేపెగ్‌గా దాచిన ప్రతిసారీ భాగహారపు నష్టం మళ్ళీ జరుగుతుంది.

సాధనాలు

ముడి ఫైళ్ళను చదివే ఉచిత సాఫ్టువేర్లలో ఆద్యమైనదిగా చెప్పదగినది డీసీరా. డేవ్ కాఫిన్ అనే అమెరికను ప్రోగ్రామరు 1997లో దీనిని మొదలుపెట్టి, కంపెనీలు బయటపెట్టని ఫార్మాట్లను ఒక్కొక్కటిగా ఛేదించి రాశాడు. 2018 తరువాత కొత్త సంచిక రాలేదు గాని, దాని వారసుడైన లిబ్‌రా అనేక ఇతర సాఫ్టువేర్ల లోపల పనిచేస్తున్నది. డీసీరాకు కిటికీలు, బొమ్మలు లేవు, ఆదేశ పంక్తిలో మాటలు రాసి నడపాలి. వందల ఫైళ్ళను ఒకే తీరున మార్చవలసినవారికి అదే వరం. డీసీరా ఫలితాన్ని నేరుగా ఇండిపెండెంట్ జేపెగ్ గ్రూప్ వారి సాధనానికి గొట్టం కలిపి, బూడిదరంగులో రాయమని చెప్పవచ్చు. 1990లో విడుదలైన ఇమేజ్‌మ్యాజిక్ ద్వారా కూడా ఈ పని జరుగుతుంది.

డీసీరాలో అంతగా ప్రచారం పొందని ఒక సదుపాయం ఉన్నది. పక్క చుక్కల నుండి రంగులు ఊహించే మెట్టును పూర్తిగా మాని, సెన్సారు కొలతలనే బూడిదరంగు చిత్రంగా రాయమని దానికి చెప్పవచ్చు. నలుపు-తెలుపు పత్రాలను ఫొటో తీసినప్పుడు ఇది బాగుంటుందని దాని సహాయ పుటలోనే రాసి ఉంది. తెల్లకాగితం మీద నల్లని అచ్చుకు రంగు లేదు. తెల్లదనపు సర్దుబాటు సరిగా ఉంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు మూడూ ఒకే విలువ చూపుతాయి, ఊహించవలసినదేమీ ఉండదు. అక్షరాల అంచులు సెన్సారు చూపగలిగినంత పదునుగా వస్తాయి. రంగు వస్తువులను ఇలా తీస్తే మాత్రం చిత్రమంతా వల పరచినట్లు గళ్ళు పడతాయి.

కంటితో చూస్తూ పని చేయదలచినవారికి రాథెరపీ, 2009లో మొదలైన డార్క్‌టేబుల్ ఉచితంగా లభిస్తాయి. అడోబీ వారి లైట్‌రూమ్ 2007లో వచ్చింది.

పుటలు, తాళపత్రాలు

పాత పుస్తకాలను కెమేరాతో ముడి ఫైళ్ళుగా తీసి, చిన్న నలుపు-తెలుపు ఫైళ్ళుగా దాచే పనిలో పైన చెప్పినవన్నీ అక్కరకు వస్తాయి. పసుపుబారిన కాగితం నీలి కాంతిని మింగి ఎరుపు కాంతిని తిప్పి పంపుతుంది. కాబట్టి ఎరుపు పాలు పెంచితే కాగితం తెల్లబడి, నల్లని అచ్చు నిలబడుతుంది. తాళపత్రాలలో గంటంతో గీసిన అక్షరాల మీద మసి పూస్తారు. గోధుమవన్నె ఆకు ఎరుపులో లేతగా కనిపిస్తుంది, మసి అన్ని రంగులలోనూ నల్లనే. అక్కడ కూడా ఎరుపే మేలు. పుటకు అద్దిన పసుపు మరక ఎరుపు పొరలో దాదాపు కనిపించకుండా పోతుంది. కుంకుమ బొట్టు, గ్రంథాలయపు ఎర్ర సిరా ముద్ర కూడా అలాగే పోతాయి. ఆ ముద్ర మీది తేదీ చదవవలసినవారికి ఇది లాభం కాదు, కాబట్టి వారు ఆకుపచ్చ పొరను చూడాలి.

పుటలను చుక్కకు ఒక బిట్టు చొప్పున రాసినప్పుడు, ఏ విలువకు పైన ఉన్నది తెలుపు, ఏ విలువకు కింద ఉన్నది నలుపు అన్న హద్దును నిర్ణయించాలి. జపాను శాస్త్రజ్ఞుడు నొబుయుకి ఒత్సు 1979లో ప్రచురించిన పద్ధతి చిత్రంలోని ఛాయల పంపకాన్ని చూసి హద్దును తానే లెక్కిస్తుంది. పుటంతటికీ ఒకే హద్దు కాబట్టి, పుస్తకం మడత దగ్గర నీడ పడితే అక్కడి అక్షరాలు నల్లని మడ్డిలో మునుగుతాయి. చుట్టుపక్కల చుక్కలను బట్టి ఎక్కడికక్కడ హద్దును మార్చుకునే సవోలా పద్ధతి 2000లో వచ్చింది. కెమేరాతో తీసిన పుటలకు ఇటువంటిదే తగినది.

తెలుగు లిపికి ఈ మెట్టులో ఒక ఆపద ఉన్నది. ప–ఫ, డ–ఢ, ద–ధ జంటలలో తేడా అంతా అక్షరం అడుగున ఉండే చిన్న గీతే. పాత లోహపు అచ్చులలో అది సన్నగా, తరచుగా సిరా అందక పాలిపోయి ఉంటుంది. హద్దు కాస్త కిందికి దిగితే ఆ గీత తెలుపులో కలిసిపోతుంది. అప్పుడు ఫలము పలము అవుతుంది. పలమంటే ఒక తూకం, మాంసమనే అర్థం కూడా ఉన్నది. వైద్య గ్రంథంలో ఇది చిన్న తప్పు కాదు. హద్దు పైకి పోతే సున్నలు, అక్షరాల కడుపులు పూడిపోతాయి. బూడిదరంగు చిత్రంలో పాలిపోయిన గీతను కళ్ళు చిట్లించి అయినా చదవవచ్చు, ఒక బిట్టు చిత్రంలో అది లేదు, ఉండిందన్న గుర్తు కూడా లేదు.

ఇటువంటి చిత్రాలను జేపెగ్‌గా దాచకూడదు. జేపెగ్ గళ్ళలో అక్షరపు నిటారు అంచు చుట్టూ ఈగలు ముసిరినట్లు చుక్కలు లేస్తాయి. 1984లో ఫాక్సుల కోసం వెలువడిన గ్రూప్ 4 పద్ధతి నష్టం లేకుండానే అచ్చు పుటను బాగా చిన్నది చేస్తుంది. 2000 నాటి జేబిగ్2 ఇంకా చిన్నది చేస్తుంది. కాని దాని నష్టసహిత రూపం ఒకేలా కనిపించే అక్షరాలను ఒక గుంపుగా కట్టి, అందరికీ ఒకే బొమ్మను వాడుతుంది. 2013లో జర్మనీకి చెందిన కంప్యూటరు శాస్త్రజ్ఞుడు డేవిడ్ క్రీజెల్, కొన్ని కార్యాలయ స్కానర్లు ఈ పద్ధతి వలన 6 ఉన్నచోట 8 రాస్తున్నాయని బయటపెట్టాడు. మసకగా ఉంటే చదువరి అనుమానిస్తాడు, స్పష్టంగా ఉన్న తప్పు అంకెను ఎవరూ అనుమానించరు. అడుగు గీతతో మాత్రమే వేరుపడే అక్షరాలున్న లిపికి ఈ రూపం వాడకపోవడమే క్షేమం.

నలుపు-తెలుపు కెమేరాలు

బేయర్ ఫిల్టర్లు లేని సెన్సారుతో నలుపు-తెలుపు మాత్రమే తీసే కెమేరాలు కూడా ఉన్నాయి. కొడాక్ 1990 దశకంలోనే కొన్నిటిని తయారు చేసింది. లైకా 2012లో 18 మెగాపిక్సెళ్ళ మోనోక్రోమ్‌ను, పెంటాక్స్ 2023లో కే-3 మార్క్ 3 మోనోక్రోమ్‌ను విడుదల చేశాయి. ఫిల్టర్లు మింగే కాంతి మిగలడంతో గరుకు తగ్గుతుంది, ఊహించి పూరించే పని లేకపోవడంతో పదును పెరుగుతుంది. కాని రంగుల పాళ్ళను తరువాత మార్చే అవకాశం ఉండదు. ఆడమ్స్ లాగా కటకం ముందు గాజు బిగించుకోవలసిందే.

ముడి ఫైలును దాచుకోవడం

మార్పిడి ముగిసిన తరువాత ముడి ఫైలును ఏమి చేయాలన్నది స్థలాన్ని బట్టి, చిత్రపు విలువను బట్టి తేల్చుకోవలసిన విషయం. మళ్ళీ తీయగలిగిన చిత్రానికి జేపెగ్ చాలు. మళ్ళీ తీయలేని దానికి, అనగా పొడిపొడిగా రాలుతున్న పుటకో, ఇప్పుడు లేని మనిషి ముఖానికో, ముడి ఫైలుతోపాటు 16 బిట్ల టిఫ్ లేదా పీఎన్‌జీ ప్రతిని ఉంచడం ఆచారం. పీఎన్‌జీ 16 బిట్ల బూడిదరంగును నష్టం లేకుండా కుదించగలదు. ముడి ఫార్మాటును చదివే సాఫ్టువేరు భవిష్యత్తులో దొరకకపోయినా ఆ ప్రతి తెరుచుకుంటుంది. మార్పిడిలో వాడిన రంగుల పాళ్ళు, హద్దు విలువలు, నాణ్యత సంఖ్య పక్కన ఒక చిన్న పాఠ్య ఫైలులో రాసిపెట్టుకుంటే అదే సంపుటంలోని మిగిలిన పుటలను మరొకరు అదే తీరున మార్చగలుగుతారు.